వెర్నా మూసిన కిటికీలు

మా ఎడారి మకాంలో వెర్నా హాల్వర్సన్ బండి అంత పొడుగు మోటార్ హోమ్ ఇంకెవరికీ లేదు; చక్రాల మీద బస్సంత ఇల్లు అది. మీట నొక్కితే గోడలు బయటికి జరిగి గది పెద్దదవుతుంది. సోఫా అసలు తోలుది. ఉత్తర డకోటాలో బడిపిల్లలకు వండి వండి, మొగుడు ఆర్విల్‌తో కలిసి కూడబెట్టి కొనుక్కుంది. ఏటా అక్కడ మంచు మొదలుకాగానే ఇద్దరూ దాన్ని తోలుకుంటూ చలికాలం గడపడానికి ఈ ఆరిజోనా ఎడారికి దిగుతారు.

వెర్నా చెడ్డది కాదు. ఎవరికి జ్వరమొచ్చినా సూప్ గిన్నెతో ముందు వచ్చేది తనే. కాకపోతే, "జెనీవా కూడా తెచ్చింది" అన్నామో, ఇక వారం దాకా మన మొహం చూడదు.

జెనీవా అర్కాన్సా నుంచి వచ్చిన విధవరాలు. కారు వెనక తగిలించి లాక్కొచ్చే, అగ్గిపెట్టె అంత పాత ట్రైలర్ ఇల్లు ఆమెది. గొడవంతా ఆ ట్రైలర్‌లోని వెచ్చదనం గురించే.

ఇక్కడ కరెంటు తీగల్లేవు, నీళ్ల గొట్టాల్లేవు. ఎవరి బ్యాటరీలు వాళ్లవి. పగలు చొక్కా చేతులు మడుచుకునే ఎండ కాసినా, తెల్లవారేసరికి బకెట్లో నీళ్లు గడ్డకడతాయి. వెర్నా బండిలో ఫర్నేస్ గ్యాసుతోనే మండుతుంది గానీ, ఆ వేడిని ఊదే ఫ్యాను బ్యాటరీలను తాగేస్తుంది. తెల్లవారకముందే ఫ్యాను మూలిగి ఆగిపోతుంది. జనరేటర్ వేద్దామంటే, పొద్దెక్కేదాకా ఎవరూ వేయకూడదని మా కట్టడి. జెనీవా హీటరుకు ఫ్యానూ లేదు, కరెంటుతో పనీ లేదు. గ్యాసు గొట్టం తగిలిస్తే ఎర్రగా కాలుతూ కూర్చుంటుంది. ట్రైలర్‌కు మధ్యలో బొంత వేలాడదీసి, ఆమె సగం గదినే వెచ్చబెట్టుకుంటుంది.

అందుకని ఆర్విల్ కళ్లు తెరవగానే టోపీ పెట్టుకునేవాడు.

"ఎక్కడికి?" అనేది వెర్నా.

"మోకాళ్లు కాచుకొస్తానే."

"ఆవిడ పొయ్యి దగ్గరేనా?"

"మన పొయ్యి చచ్చింది కదా. పైగా కాఫీ ఇస్తుంది."

పక్కనే ఉన్న నా వ్యాను దగ్గరికి వచ్చి వెర్నా చెవి రిక్కించేది. "ఆ నవ్వు విన్నావా? మోకాళ్ల నొప్పులోడు అట్లా నవ్వుతాడా?"

"ఊరుకో, వెర్నా. జెనీవా పళ్లు గ్లాసులో నానుతుంటాయి. ఎండెక్కితే గానీ పెట్టుకోదు," అన్నాను ఒకరోజు.

"ఇవాళ పొద్దున్నే పెట్టుకుంది. నేను చూశాను. ఎవరి కోసమంటావ్?"

నేనూ మెడ సాచి ఆ ట్రైలర్ వైపు చూశాను.

మర్నాడే వెర్నా పట్నం వెళ్లి అలాంటి హీటరే కొనుక్కొచ్చింది. అలాంటిదేనా! దానికంటే పెద్దది. కిటికీలన్నిటికీ వెండిరంగు రేకు అట్టలు అతికించింది. పైకప్పు కిటికీలో దిండు కుక్కింది. తలుపు సందుల్లో తువ్వాళ్లు దోపింది.

"ఒక కిటికీ రెండు వేళ్లు తెరిచి ఉంచు. అది గాలిని తినేస్తుంది," అని చెప్పాను.

"వేడిని ఎడారికి పంచిపెట్టడానికి కొన్నానా? ఆవిడ ట్రైలర్‌కి అన్నీ చిల్లులే. నాది గట్టి బండి."

మరుసటి పొద్దున ఆర్విల్ గడప దాటలేదు. వెర్నా పాన్‌కేకులు పోసింది, బేకన్ వేయించింది. గోడమీద విషగాలిని పసిగట్టే పెట్టె కూయడం మొదలుపెట్టింది. బ్యాటరీ నీరసించినా అది కూస్తుంది కాబట్టి, మా మకాంలో ఆ కూతను ఎవరూ లెక్కచేయరు. వెర్నా దాన్ని ఊడబెరికి సొరుగులో పడేసింది.

"తల దిమ్ముగా ఉందే," అన్నాడట ఆర్విల్.

"ఇన్నాళ్లూ ఆవిడ కాఫీ తాగితే దిమ్మెక్కదూ!"

కుక్కను తిప్పుకొస్తున్న జెనీవా ఆ బండి ముందు ఆగింది. ముందు అద్దానికి లోపలివైపు నీళ్లు ధారకడుతున్నాయి. ఎక్కడా సందు లేదు. తలుపు బాదితే పలుకు లేదు. ఆమె కేకకు నేను పరుగెత్తేసరికి తలుపు లాగి, హీటరు కట్టేసి, ఆర్విల్‌ను చంకల కింద పట్టుకుని ఈడుస్తోంది. ఇద్దరం కలిసి వెర్నానూ చలిలోకి లాగాం. నేను సహాయం కోసం ఫోన్ చేశాను.

వెర్నా ముందుగా కళ్లు తెరిచింది. పక్కకు చూసింది. ఆర్విల్ తల జెనీవా ఒడిలో ఉంది.

"ఆ తల ఇటివ్వు," అంది. బతికి వచ్చాక ఆమె మొదటి మాట అది.

"తీసుకో తల్లీ! రాయిలా ఉంది, నా తొడ తిమ్మిరెక్కింది," అంది జెనీవా.

అంబులెన్సు వాళ్లు ముక్కుకు గాలి పెట్టారు. సాయంత్రానికి ఇద్దరూ లేచి తిరిగారు. వెర్నా నా దగ్గర కూర్చుని, "చూశావా, ఆయన ఒక్క పూట రాకపోతే ఉండలేక వచ్చేసింది," అంది.

"రాకపోతే నువ్వు ఉండేదానివి కాదే!"

"అదే కదా నా ఏడుపు. ఇక దాన్ని తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది."

ఇప్పుడు వెర్నా కిటికీ రెండు వేళ్లు తెరిచే ఉంచుతుంది. బండి వెచ్చగానే ఉంటోంది. అయినా మొన్న పొద్దున ఆర్విల్ అలవాటుగా టోపీ పెట్టుకుని, గుమ్మంలో ఆగి, పెళ్లాం వైపు చూశాడు.

"నిలబడ్డావేం? పద," అంటూ వెర్నా కోటు తొడుక్కుంది.

జెనీవా ట్రైలర్‌లో ఇద్దరికే చోటు. అప్పట్నుంచీ వెర్నా వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కుని, హీటరుకు అడ్డంగా కూర్చుంటోంది. సెగ తగలడం లేదని ఆర్విల్ రోజూ గొణుగుతున్నాడు. వెర్నా మాత్రం జరగడం లేదు.