రబ్బరు గాస్కెట్టూ, ఇంకో మెలికా

దొరలు వెళ్లిపోయిన కొత్త రోజులవి. నూజివీడులో కార్లు తక్కువ, కార్ల మీద అనుమానాలు ఎక్కువ. నేను అప్పుడే ఒక మామిడి షావుకారు గారి దగ్గర డ్రైవరుగా చేరాను. ఆయన కారు గంటకు అరవై మైళ్లు పరుగెత్తేది. (సరే, పాతిక. అదీ మైలవరం దారిలో పల్లం దొరికితే.) నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది రెడ్డిగూడెంలో తోటలున్న మా మేనమామ. ‘మావాడు పరాయి సొమ్ము పుల్లైనా ముట్టడు’ అని ఆయన మాటిచ్చాడు. ఆ మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

షావుకారు గారిని ఊరంతా చాటుగా ‘ఇంకోమెలిక’ అనేవారు. పళ్లబుట్టలో గడ్డి కూరి, మూతపెట్టి, కూలీ ఎంత బిగించి తాడు కట్టినా సరే, ఆయన వచ్చి బుట్ట మీద మోకాలు ఆన్చి, ‘ఇంకో మెలిక’ అంటూ తాడు లాగితే తప్ప ఆ బుట్ట బండెక్కేది కాదు. దారిలో ఎవరో ఒకరు చేయి పెడతారని ఆయన భయం. సొంత తమ్ముడు నమస్కారం పెట్టినా, రెండు చేతుల మధ్య ఏం దాచాడోనని చూసే మనిషి.

ఆ వేసవిలో ఇంజిను మీది మూత చుట్టూ ఆయిల్ చెమర్చడం మొదలుపెట్టింది. ఆ మూతను రాకర్ కవర్ అంటారు. మూతకూ ఇంజినుకూ మధ్య ఆయిల్ కారకుండా ఉండే కార్కు బెరడు గాస్కెట్ ఎండి పెళుసెక్కింది. బెజవాడ మేస్త్రీ దగ్గరకు వెళ్లి రబ్బరుది తెచ్చాను. షావుకారు గారు దాన్ని మామిడిపండును చూసినట్టు నొక్కి, వాసన చూశారు.

“ఇది రబ్బరేంట్రా? పాతది బెరడుది కదా. దాన్ని అమ్ముకుందామనా ఇది తెచ్చావు?”

“ఎండి ముక్కలైనదాన్ని ఎవరు కొంటారండీ?”

“నేనూ అదే అడుగుతున్నా. ఎవరు కొంటున్నారు?”

పాత గాస్కెట్టును చిటికెలో ఊడబెరికాను. (అబద్ధమెందుకు, ఒక పూటంతా పట్టింది. గీకి గీకి వంటింటి కత్తి మొండి చేసి, వంటావిడ చేత తిట్లు కూడా తిన్నాను.) అంచు తుడిచి, రబ్బరుకు ఒకవైపే జిగురు రాసి మూతకు అంటించాను. ఇంజిను వైపు పొడిగా వదిలేయాలి, లేకపోతే మళ్లీ మూత తీసినప్పుడు రబ్బరు చిరిగిపోతుంది. జిగురు ఆరాక మూతపెట్టి నట్లు మెల్లగా తిప్పాను. ‘రబ్బరు ఆనితే చాలు, నలగకూడదు’ అన్న మేస్త్రీ మాటను నా సొంత తెలివిలా వినిపించాను. షావుకారు గారు నట్టును వేలితో తడిమి, “వదులుగా ఉన్నట్టుందే” అన్నారు. అంతటితో ఊరుకున్నారనుకున్నాను.

ఆయిల్ తగ్గడం ఆగలేదు సరికదా, ఎక్కువైంది. “ఎవరికి పోస్తున్నావురా?” అని రోజూ నన్ను నిలదీసేవారు. గారెలు నల్లగా వచ్చాయని ఒకరోజు వంటావిడనూ నిలదీశారు. “మీ కారు నూనెలో వేయిస్తే తిన్నవాళ్లు మిగులుతారాండీ?” అని ఆవిడ గరిటె ఊపింది. చివరికి ఆయన నాతో, “రేపటికి దొంగ తేలకపోతే మీ మావయ్యను పిలిపిస్తా” అన్నారు. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అన్న పేరు నాకంటే ముందే రెడ్డిగూడెం చేరుతుంది. ఇక మావయ్య ముఖం ఎలా చూడను?

తోటల్లో కాయల దొంగ అడుగులు పట్టడానికి చెట్టు చుట్టూ బూడిద చల్లుతారు. షావుకారు గారు ఆ సాయంత్రం కారు చుట్టూ, కారు కిందా బూడిద చల్లించారు. తెల్లారి చూద్దుము కదా, ఇంజిను కింద బూడిదలో నల్లటి ఆయిల్ చుక్కలు, పక్కనే చెప్పుల అడుగులు! నా గుండె జారింది. (అవి నా అడుగులు కావని తెలిసినా జారింది. ఆయన చూపు అలాంటిది.)

“ఈ చెప్పులు ఎవరివండీ?”

“నావేరా. అవి వదిలేసి దొంగవి వెతుకు.”

“వేరేవి లేవండీ. తమరెందుకొచ్చారు?”

“నువ్వు మూత వదులుచేసి ఆయిల్ తోడుకుంటున్నావేమోనని, పానా పెట్టి ఇంకో మెలిక తిప్పి పోయాను.”

“నిన్ననేనా అండీ?”

“నిన్న ఒక్కరోజేంటి! నువ్వు బిగించినప్పటినుంచీ రోజూ!”

అప్పుడు నేను ఛాతీ విరిచి, “దొంగ మీ చేతిలోనే ఉన్నాడు!” అని గర్జించాను. (గర్జనా లేదు, ఏమీ లేదు. “చిత్తం, ఒకసారి మూత తీస్తానండీ” అన్నాను.) మూత ఎత్తితే, మోకాలి కింద నలిగిన చిన్నరసం పండులా రబ్బరు ఒకచోట బయటికి ఉబికి, ఇంకోచోట లోపలికి జారి, మధ్యలో తెగి ఉంది. ఆ సందులోంచే ఆయిల్ కారింది. ఆయన అనుమానించేకొద్దీ బిగించారు, బిగించేకొద్దీ కారింది, కారేకొద్దీ నన్ను అనుమానించారు. వంటావిడ తొంగిచూసి, “బెజవాడ చేరేసరికి మన బుట్టల్లో పళ్లు నలుగుతున్నాయని తమరు కూలీలనూ తిట్టారు కదండీ, పాపం” అంది మెల్లగా. ఆయన ఆ రబ్బరు ముక్కను చాలాసేపు వాసన చూశారు.

బెజవాడ నుంచి ఇంకొకటి తెచ్చి వేస్తున్నంతసేపూ షావుకారు గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వెనకాల వేళ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. పని కాగానే, “ఒరే అబ్బాయ్, ఆ పానా నా కంటబడకుండా దాచెయ్” అన్నారు. మావయ్యకు కబురు వెళ్లలేదు. ఆయన నోట క్షమాపణ అంటే అదేనని నాకు అర్థమైంది.

ఇన్నేళ్లకు ఇప్పుడు మా పెరటి కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. మేడ మీద అద్దెకుండే కుర్రాడు దాన్ని సరిగా కట్టేయడం లేదని నా అనుమానం. మొన్న వాడు నీళ్లు పట్టుకుని వెళ్లాక, రెండు చేతులతో కొళాయి బిగిస్తుంటే మా కోడలు చూసింది.

“మావయ్యగారూ, మీరు బిగించేకొద్దీ లోపలి రబ్బరు నలిగి ఇంకా కారుతోందండీ.”

నవ్వొచ్చింది. వెంటనే చేయి తీసేశాను. (తీశాననే చెబుతున్నాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లాక ఇంకో మెలిక తిప్పాను.)