రేపిచ్చేస్తాను

మా యెరోలిమ్ ఫాదరుగారి కళ్లు ఒక వస్తువు మీద పడ్డాయంటే దానిమీద ఆశ వదులుకోవాల్సిందే. "రేపిచ్చేస్తాను" అంటారు. నేను ఆయనకు వండిపెట్టిన ఇన్నేళ్లలో ఆ రేపు మాత్రం రాలేదు.

నా గరాటు గాలిని తూచడానికి పోయింది. రాగి గిన్నె మెరుపును పట్టడానికి పోయింది. ఒకరోజు పెనం కోసం మేడమీది ఆయన గదికెళ్తే అందులో చచ్చిన కప్ప వెల్లకిలా పడుకుని ఉంది.

"ఫాదరుగారూ, చేపలు దేన్లో వేయించను? నా నెత్తి మీదా?"

"దేవుడు రెండు పుస్తకాలు రాశాడు మారా. ఒకటి బైబిలు, రెండోది ఈ సృష్టి. రెండోది చదవాలంటే నీ పెనం కావాలి. రేపిచ్చేస్తాను."

ఏ దేవుడైనా వంటమనిషిని ఇంత ఏడిపిస్తాడా!

మా ద్వీపంలో ఉరిమితే చర్చి గంట కొట్టాలి. ఆ మోతకి పిడుగు పారిపోతుంది, వడగళ్లు ద్రాక్షతోటల జోలికి రావు. కొట్టేది మా ఆయన షీమె. వాళ్ల నాన్నా కొట్టాడు, తాతా కొట్టాడు. ఫాదరుగారేమో ఓ ఆదివారం ప్రసంగంలో, "పిడుగు ఎత్తు చూసి పడుతుంది, మన పాపాలు చూసి కాదు. ఉరిమేటప్పుడు గోపురం కింద తడి తాడు పట్టుకోవడమంటే చావును పిలవడమే" అన్నారు.

తోటల ఆసామి బార్తుల్ లేచి నిలబడ్డాడు. "అయితే ఇన్నాళ్లూ మేం ఉపవాసాలు ఊరికే చేశామా?"

మా ఆయనైతే ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. "నన్ను పిరికివాణ్ణి చేస్తాడా? పిడుగు పడ్డా సరే, తాడు వదల్ను!"

కోతల ముందు ఓ మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. షీమె పరిగెత్తాడు. తాడు లాగితే గంట ఊగింది గానీ మోగలేదు. వెంటనే రొప్పుతూ, నేను ఫాదరుగారికి వండుతున్న వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"గంటకి నాలుక లేదు!"

నాకు వెంటనే వెలిగింది. వెనక్కి తిరిగితే ఫాదరుగారు మూల పీట మీద ఆ ఇనప నాలుకని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"బరువు చూస్తున్నాను షీమె. రేపిచ్చేస్తాను."

"రేపా! తోటలు ఇప్పుడు పోతున్నాయండీ! ఇలా తెండి!"

"ఇంకా తూచలేదు."

మా ఆయన లాగుతాడు, ఆ బక్కప్రాణి వదలరు. నేను ఇద్దర్నీ కలిపి తిడుతుండగా ఇల్లదిరేలా పిడుగు పడింది.

వాన వెలిశాక వెళ్లి చూశాం. తాడు పైనుంచి కిందదాకా బొగ్గయింది. షీమె నిలబడే రాయి రెండు ముక్కలయింది. వడగళ్లు మాత్రం రాలేదు.

మా ఆయన వంగి ఆ రాతి ముక్కని తడిమాడు. "ఎంత తూగింది ఫాదరుగారూ?" అన్నాడు.

"సరిగ్గా నీ అంత, నాయనా."

అయినా ఊరు మారుతుందా? కొత్త తాడు కట్టారు, నాలుకా తగిలించారు. మళ్లీ ఉరిమేసరికి బార్తుల్ మా గుమ్మంలోకొచ్చి అరిచాడు. "గంటకి మళ్లీ నాలుక లేదు! ఆ ఫాదరేడీ?"

"ఆయన్నేం అనకు, నేనే తెచ్చాను. రొట్టెల పిండి దంచుకోవాలి" అన్నాను పిండి తొట్టి మూత మీద కదలకుండా కూర్చుని. "రేపిచ్చేస్తాను."