మూడో ఫేజు మీద కేక

కొత్త జిల్లాలు ఏర్పడిన కొత్తలో నన్ను మా సాఫ్ట్‌వేర్ సంస్థ జనగామ శాఖకు టెస్టింగ్ విభాగాధిపతిగా వేశారు. శాఖ అంటే ఎరువుల దుకాణం పై అంతస్తు. విభాగమంటే నేనూ, నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చిన లక్ష్మీ. ఆమె కుర్చీ జరిపిన చప్పుడుకే మూడు జిల్లాల కంప్యూటర్లు ఉలిక్కిపడేవని నా అంచనా.

బోరు మోటారును ఫోనుతో నడిపే స్టార్టర్‌కు అప్పట్లో మేం ప్రోగ్రాం రాస్తున్నాం. మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా మోటారు కాలుతుంది. అందుకని ప్రోగ్రాం వెంటనే 'ఫేజు లేదు' అనే ఎక్సెప్షన్ లేపి, మోటారును ఆపాలి. ఎక్సెప్షన్ అంటే ఇక ముందుకు సాగలేనని కోడ్ పెట్టే కేక. కోడ్‌లో ఒక ముక్కను విడిగా కూర్చోబెట్టి, కేక పెట్టాల్సినప్పుడు పెడుతోందా అని నిలదీసేది యూనిట్ టెస్ట్. పెడితే తెర మీద పచ్చరంగు, లేకుంటే ఎరుపు.

మొదటి స్టార్టర్‌కు ఒప్పుకున్న మహావీరుడు టేకుమట్ల రైతు మల్లన్న. ఫోనులోనే హెచ్చరించాడు: "సారూ, పొలం పొట్ట మీదున్నది, రేపో మాపో ఈనుతది. మోటరు కాలిందనుకో, బాగయ్యి వచ్చేసరికి వరి ఎండిపోతది. జర చూసి పెట్టుండ్రి."

బిగించే ముందురోజు టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. కోడ్ రాసిన రమేశ్ మిఠాయి పొట్లం విప్పాడు. లక్ష్మికి ఒక అలవాటు. టెస్టును నమ్మేముందు కోడ్‌ను కావాలని పాడుచేస్తుంది. ఫేజులను చూసే వరుసనే తీసేసి టెస్టు నడిపింది. ఎర్రబడాల్సింది పోయి పచ్చగానే వచ్చింది.

"పచ్చగనే ఉన్నది గదా అక్కా, ఇంకేంది పరేషాన్?" అన్నాడు రమేశ్.

"పచ్చగున్నదంత వరేనా తమ్మీ? గడ్డి గూడ పచ్చగనే ఉంటది. కేక పెట్టింది సరే, ఏమని పెట్టింది?"

తీరా చూస్తే, టెస్టు కోసం సృష్టించిన ఉత్తుత్తి రైతుకు ఫోన్ నంబరు ఇవ్వలేదు. కోడ్ 'నంబరు లేదు' అని అరుస్తోంది. ఏ అరుపైనా చాలనుకునే మా టెస్టు సంబరపడిపోతోంది. లక్ష్మి నంబరు ఇచ్చింది, తీసిన వరుసను తిరిగి పెట్టింది, 'ఫేజు లేదు' అనే ఎక్సెప్షనే రావాలని పేరుతో సహా రాసి, ఒక్కో ఫేజుకూ విడిగా టెస్టు పెట్టింది. మూడోది భగ్గున ఎర్రబడింది. కోడ్ మొదటి రెండు ఫేజులనే చూస్తోంది! రమేశ్ మిఠాయి పొట్లం మళ్లీ కట్టేశాడు. అంత బిగువైన ముడి నా సర్వీసులో చూడలేదు.

సాయంత్రానికి కోడ్ సరిచేశాడు. మర్నాడు టేకుమట్లలో స్టార్టర్ బిగించగానే మల్లన్న మమ్మల్ని పక్కకు నెట్టి, ఫ్యూజులు తానే ఒక్కొక్కటిగా పీకి, మోటారు ఆగాక తిరిగి పెడుతూ పోయాడు. మూడోది పీకినప్పుడూ పైపులో నీళ్లు ఆగాయి, జేబులో ఫోను మోగింది. 'ఫేజు లేదు' అని పైకి చదివాడు.

"మా ఇంటామె ఫోనుకు గూడ చెప్తదా బిడ్డా?"

"చెప్పమంటె చెప్తది బాపూ," అంది లక్ష్మి.

"వద్దు తియ్యి. పొద్దుగాల లేపి పొలంకాడికి తోలుతది," అని ఫ్యూజు తిరిగి పెట్టి, నీళ్లు మడిలోకి మళ్లించాడు.

స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఏ టెస్టునైనా ఒప్పుకునే ముందు రెండు సంగతులు చూసేవాణ్ణి. రావాల్సిన ఎక్సెప్షన్ పేరు అందులో రాసి ఉందా? కోడ్‌ను పాడుచేస్తే అది ఎర్రబడుతోందా? రెండోది నేనే స్వయంగా చేసి చూసేవాణ్ణి.