నీళ్ళ తుపాకికి వేసిన పూలదండ

ఆ రోజుల్లో కొత్త యంత్రం వస్తే భయపడటమూ, దానికి దండం పెట్టడమూ మాకు ఒకే పనిగా ఉండేది. మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఒక లారీ షెడ్డులో లారీలు కడిగేవాణ్ణి (బట్టలుతికే పేటలో లారీలుతికే ఉద్యోగం అనుకోండి). ఎన్నూరు నుంచి ఉప్పు మోసుకొచ్చే లారీలను కొబ్బరిపీచుతో తోమి తోమి నా గోళ్ళు అరిగిపోతున్న సమయంలో, మేము మొదలాళి అని పిలిచే షెడ్డు యజమాని, చక్రాల మీద తోసుకుపోయే పంపొకటి కొన్నాడు. పెట్రోలు ఇంజను, పొడుగాటి రబ్బరు గొట్టం, దాని చివర మీట ఉన్న ఇనుప తుపాకి. మీట నొక్కితే ఎండిన బురద పెచ్చులుగా ఊడిపోయేది. తుపాకి చేతిలో లేకుండా ఇంజను తిప్పొద్దనీ, మీటను కట్టెయ్యొద్దనీ, నీళ్ళు దగ్గర్నుంచి తగిలితే చర్మం లేచిపోతుందనీ అమ్మినవాళ్ళు చెప్పి వెళ్ళారు. ఆ తుపాకి పట్టుకుని నేను నడిచిన తీరు చూస్తే, విమానం నడిపేవాడు కూడా సిగ్గుపడేవాడు.

షెడ్డు మేస్త్రీ మా మేనమామ. ఆయన కూతురంటే నాకు ప్రాణం. మామకది తెలుసు. "ఈ మిషనుతో ఏ రభసా ల్యాకుండా దీపావళి దాకా నెట్టుకొచ్చినావంటే పిల్లనిస్తా. ల్యాకుంటే ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు. ఆయన తిప్పలు ఆయనకున్నాయి. వయసైపోయింది, ఇంక ఇంట్లో కూర్చోమని మొదలాళి అప్పటికే సణుగుతున్నాడు.

ఆయుధపూజ వచ్చింది. లారీలన్నిటికీ విభూది, చందనం, కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాం. మా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చారు. నా తుపాకిని స్టూలు మీద దేవుడిలా పడుకోబెట్టి, మామ స్వయంగా దండ వేసి, జారిపోకుండా అరటినారతో బిగించాడు. దేవుడికి కట్టిన దండ కూడా మీటను కట్టెయ్యడమే అవుతుందని ఎవరికి తోస్తుంది? హారతి కాగానే ఇంజన్లన్నీ ఓసారి తిప్పడం ఆచారం. తుపాకిని చేతిలోకి తీసుకోబోతే, "పూజలో ఉండేదాన్ని ముట్టుకోవద్దురా, ముందు ఇంజను తిప్పు" అని కసిరాడు మామ. తిప్పాను.

తుపాకి స్టూలు మీంచి ఎగిరి నేలమీద తాండవం మొదలుపెట్టింది. ఒక లారీ నొసటి చందనం పోయింది, తర్వాత బొరుగుల పళ్ళెం పోయింది, ఆ తర్వాత మొదలాళి పట్టు కండువా పోయి గోడెక్కింది. డ్రైవర్లు లారీల మీదికెక్కి "అయ్యో సామీ" అంటున్నారు. పట్టుకుందామని ఉరికాను గానీ, చర్మం సంగతి గుర్తొచ్చి వెనకనుంచి చుట్టి వెళ్ళి ఇంజను ఆపేశాను. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఎవురురా ఈ దండ కట్టింది?" అన్నాడు మొదలాళి, గడ్డం నుంచి నీళ్ళు కారుతుండగా. మామ షెడ్డు రేకులను లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. "నేనే మొదలాళీ" అన్నాను. త్యాగమేమీ కాదు, ఆ ముఖం చూడలేకపోయాను, అంతే. నాకు మళ్ళీ కొబ్బరిపీచు చేతికొచ్చింది. పిల్ల చేజారిందని ఏడుపొచ్చింది కూడా.

తీరా దీపావళి వెళ్ళగానే మామ తనే మా ఇంటికొచ్చి ముహూర్తం మాట ఎత్తాడు. దండ మాట మాత్రం ఆయన బతికినన్నాళ్ళూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం ఏటా ఆయుధపూజకు నన్ను ఏడిపించేది, "తుపాకికి తాళి కట్టిన మొగుడు" అని. మామ పోయాక వచ్చిన పూజనాడు, మనసు ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ పూలు గుచ్చుతూ తలైనా ఎత్తలేదు.

"నాకు తెలీదా? చిన్నప్పుడు నా జడకు రిబ్బను కట్టేది మా నాయనే. ఆయన ముడేస్తే కత్తెరతో కోసేదే గాని విప్పేది ల్యా. ఆ పొద్దు ఆ నారను కత్తితో కోసింది నేనే గదా. ఆ రాత్రే నాయన్ను అడిగినా, ఇంకెవుర్నీ చేసుకోనని చెప్పినా."

గొప్ప రహస్యం దాచుకున్నానని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోయిన ఆ కుర్రవాడి మీద నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.