గ్యాస్ అన్నది నేనే

నిన్న పొద్దున ఎనిమిదిన్నరకు ఖాజా భాయ్ పెద్దమ్మాయి ఫోన్ చేసింది.

"మా అబ్బా లేరంకుల్."

షాపుకు వెళ్లుంటాడు చూడమ్మా అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. రెండు గంటల క్రితం మాతో నడిచిన మనిషి మరి.

అటు నుంచి ఏడుపు వినపడ్డాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడట. హార్ట్ ఎటాక్. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

సత్తుపల్లిలో వెల్డింగ్ షాపు ఖాజా భాయ్ అంటే చాలామందికి తెలుసు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మా నలుగురి వాకింగ్ బ్యాచ్‌ను మొదలుపెట్టింది ఆయనే.

నిన్న ఖబరస్తాన్‌లో ఒక పెద్దమనిషి నా పక్కనే నిలబడి, "రోజూ నడిచినోడే పోయిండు, ఇంక మనం నడిచి ఏం లాభం" అన్నాడు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో అదే మాట ఇంకో ముగ్గురు పెట్టారు. కింద దండాల ఎమోజీలు.

సిగ్గుండాలి.

పొద్దున్నే ముసుగు తన్ని పడుకోవడానికి మీకు ఒక సాకు కావాలి. దానికి నా స్నేహితుడి చావే దొరికిందా?

ఆయన నడక వల్ల పోలేదు. ఎందుకు పోయాడో నేను చెప్తాను. చదివి నన్ను తిట్టండి.

నాలుగేళ్ల క్రితం నాకు షుగర్ వచ్చింది. నాలుగు రోజులు నడిచి మానేశాను. ఐదో రోజు తెల్లారకముందే మా గేటు మీద తాళంచెవితో టకటక. చూస్తే ఖాజా భాయ్.

మోకాలు నొప్పి అన్నాను. "బహానా" అన్నాడు, సాకు అని. నిద్ర సరిపోలేదన్నాను. "అదీ బహానానే." లుంగీ మీదనే లాక్కుపోయాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వింది.

తర్వాత అదే మా బ్యాచ్ రూల్ అయింది. ఎవడు రాకపోతే మిగతా ముగ్గురూ వాడి గేటు ముందు నిలబడి, వీధి వీధంతా లేచేలా గేటు కొట్టాలి. వాడు ఏం చెప్పినా బహానా అనాలి.

ఆ పరువు భయంతోనే నాలుగేళ్లు నడిచాం. నా షుగర్ కంట్రోల్‌కి వచ్చింది. అదంతా ఆయన పుణ్యమే.

నిన్న ఆయనే రాలేదు. మొదటిసారి.

ఇన్నాళ్లకు దొరికాడని సంబరంగా వెళ్లాం. గేటు కొట్టింది నేనే. ఫోన్ తీసి వీడియో కూడా ఆన్ చేశాను.

బనియన్ మీద బయటకొచ్చాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది.

"శీనూ, ఇక్కడ బరువుగుంది. ఇయ్యాల వద్దులే."

నేను మెడికల్ షాపు నడుపుతాను. ఇరవై ఏళ్లుగా. ఛాతీలో బరువని ఎవరొచ్చినా, మందు ఇవ్వకుండా ముందు ఈసీజీ తీయించుకోమని పంపిస్తాను.

ఆయనతో ఏమన్నానో తెలుసా?

"రాత్రి బిర్యానీ గ్యాస్ భాయ్ అది. నడిస్తే పోతది. బహానా చెప్పకు."

ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఎదురింటి మేడ మీద ఎవరో నవ్వారు. ఆయనా నవ్వి, చొక్కా వేసుకుని వచ్చాడు.

పామాయిల్ తోటల దాకా వచ్చి ఆగిపోయాడు. మీరు పోండి, నేను షాపు తెరవాలి అని వెనక్కి తిరిగాడు. ఒంటరిగా పంపించేశాం. మేం రౌండ్ పూర్తి చేసి ఇడ్లీ తిన్నాం.

వీడియో ఫోన్‌లోనే ఉంది. చూడలేను, డిలీట్ చెయ్యలేను.

నీ మీద కూడా కోపంగా ఉంది భాయ్. ఎందుకొచ్చావు? నన్ను రెండు తిట్టి తలుపేసుకోవచ్చు కదా? నలుగురు నవ్వుతారని ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఎవరైనా?

ఇంకో తప్పు కూడా చేశాను. భాయ్ భార్య, మా భాభీ, మొన్నటి నుంచి కల్లూరులో వాళ్ల అక్క దగ్గర ఉండి, కబురంది నిన్న వచ్చింది. ఖబరస్తాన్‌కు జనాజా లేవకముందు నన్ను పిలిచి, పొద్దున ఏమైనా చెప్పాడా అని అడిగింది.

ఏం చెప్పలేదు భాభీ అన్నాను.

ఆ అబద్ధం రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. పోయిన వానాకాలం గుర్తొచ్చింది. నేను వాకింగ్‌కి రాలేదని ముగ్గురూ మా గేటు కొట్టారు. జ్వరం అన్నాను. ఇద్దరు బహానా అని అరిచారు. ఖాజా భాయ్ అరవలేదు. లోపలికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. వాకింగ్ మానేసి, తన బండి మీద నన్ను దవాఖానాకు తీసుకెళ్లాడు. డెంగీ అని తేలింది.

ఇవాళ పొద్దున వెళ్లి భాభీకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె పరదా వెనక, నేను గడప బయట.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఒక్కసారి గేటు తీసుకొని లోపలికి రాకపోతివా తమ్ముడూ?"

అంతే అడిగింది.

నింద వేస్తే నా మీద వెయ్యండి. నడక మీద వెయ్యకండి.

సెలవు భాయ్. ఆ అల్లా నిన్ను తన నీడలో చల్లగా ఉంచాలి. ఇక ఏ గేటు చప్పుడూ నిన్ను లేపకుండా హాయిగా పడుకో.