పెద్దమ్మ ఎండబెట్టిన ఇసుక

మా పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను విరుదునగర్‌లో, మా కట్టుడు పళ్ళ ల్యాబులో, టైటానియం బిళ్ళను కోస్తున్న మెషిను ముందు నిలబడి ఉన్నాను. అవతల తమ్ముడు ఏడుస్తూ చెప్తున్న మాట పూర్తిగా వినకుండానే నా చెయ్యి వెళ్ళి మెషిను ఆపేసింది. తర్వాత రాపిడి బల్ల కిందున్న పొడి పెట్టె తెరిచి చూశాను. తర్వాత ఇసుక డబ్బా మూత తీసి చూశాను. ఇవన్నీ అయ్యాక ఏడుపొచ్చింది. ఆ వరస నాకు నేర్పింది ఆమే కాబట్టి తప్పు పట్టదనుకుంటాను.

నిజం చెప్పేస్తున్నాను, ముందు భయమే వేసింది. నేను పుట్టు పిరికిదాన్ని. ఇక మీదట ఇసుక ఎండిందో లేదో నాకు చెప్పేదెవరు అన్నదే మొదటి ఆలోచన.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. మా వాళ్ళది తమిళనాడులో, నాగలాపురం పక్క మెట్ట పల్లె. వానలు మొహం చాటేస్తే కోవిల్‌పట్టికి వచ్చేశారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, ఆదివారం చర్చిలో రెండూ. పెళ్ళికి ముందు అమ్మా పెద్దమ్మా వెంబకోట్టై దగ్గర ఒక పటాసుల షెడ్డులో పనిచేశారట. అక్కడ లేచిన అగ్గిలో అమ్మ ఎడమ చెయ్యి కాలి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎలా జరిగిందని అడిగితే అమ్మ, "అగ్గి కదా, అంటుకునె" అనేది. పెద్దమ్మ లేచి వెళ్ళిపోయేది. అమ్మకు ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాదు. రోజూ పొద్దున పెద్దమ్మే దువ్వి, అల్లి, కొసన రిబ్బను కట్టేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండిపోయింది. చిన్నప్పుడు నేను దీన్ని వింతగా అనుకోలేదు. అందరిళ్ళలోనూ ఒక పెద్దమ్మ ఉండి అమ్మకు జడ వేస్తుందనే అనుకున్నాను.

కోవిల్‌పట్టిలో ఆమె కొన్నేళ్ళు తీపెట్టి ఆఫీసుకు వెళ్ళింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అక్కడ అలాగే అంటారు. చట్రంలో పుల్లలు పేర్చడంలో ఆమె వేళ్ళ వేగం చూసి, తొంభైల మొదట్లో, ఒక పళ్ళ డాక్టరు వెనకగదిలో ల్యాబు నడిపే యజమాని, మేం ముదలాళి అనే ఆయన, ఆమెను పనికి పిలిచాడు. కట్టుడు పళ్ళ సెట్లు రాపి నునుపు చేయాలి. "నోట్లో పెట్టుకునేది కదా, గరుకుంటే వాళ్ళు తిట్టేది నన్నే" అంటూ ప్రతి సెట్టునీ తన పెదవికి ఆనించి చూసేది. అలా చూడకూడదని ముదలాళి ఎంత మొత్తుకున్నా వినేది కాదు. ప్లస్ టూ అయ్యాక నన్నూ అక్కడే చేర్చింది.

ఆమె భయాలు ల్యాబులో అందరికీ వేళాకోళమే. నైలాన్ చీర కట్టదు. తలుపు మూయనివ్వదు. స్టూలు ఎప్పుడూ గుమ్మం పక్కనే. గదిలోకి వస్తూనే లోపలున్న తలలు లెక్కపెడుతుంది. నేను చిన్న చిన్న వాటికి కంగారు పడి లేచి నిలబడితే భుజం పట్టి కూర్చోబెట్టేది. "బయపడు పాపా, వద్దనలే. కానీ కూసోని బయపడు. నిలబడి బయపడితే కాళ్ళు పరిగెత్తాలంటాయి" అనేది.

తర్వాత ల్యాబు విరుదునగర్‌కు మారింది. రోజూ బస్సులో పోయి రావడం. సాత్తూరు రాగానే పెద్దమ్మ కళ్ళు మూసుకునేది. వెంబకోట్టైకి రోడ్డు చీలేది అక్కడే. ఏటి వంతెన దాటి, కిటికీలోంచి గాలి మారితే అప్పుడు తెరిచేది. నిద్రపోతోందని నేను అనుకునేదాన్ని.

టైటానియం మా దగ్గరికి వచ్చింది రెండువేల సంవత్సరం తర్వాత, అదీ చాలా ఆలస్యంగా. ముదలాళి అప్పులు చేసి మిల్లింగ్ మెషిను కొన్నాడు. దానితో పాటు బూడిద రంగు బిళ్ళలు, అరచేతంత. వాటిని కోసి దవడకు ఫ్రేములూ, పళ్ళకు క్యాపులూ తీయాలి. పెద్దమ్మ ఒక బిళ్ళ చేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించింది.

"ఏంది సార్, అప్పడం మాదిరి ఉండాది. ఇది మండతాదా?"

ముదలాళి నవ్వాడు. "అక్కా, ఇది విమానాలకి వాడే లోహం. ఎముక కూడా దీన్ని తనదే అనుకుంటుంది. ఎందుకు మండుతుంది?"

"బిళ్ళ మండదు సార్. పొడి అయితే?"

ఆయన మెషిను ఆన్ చేసి చూపించాడు. మెషిను కోసేటప్పుడు బిళ్ళ మీద పాల లాంటి చల్లని నీళ్ళు ధారగా పడుతూనే ఉంటాయి, కాబట్టి అక్కడ గొడవ లేదు. కానీ ఫ్రేము బయటికి వచ్చాక, అతుకులు సరిచేసి నునుపు చేయడం చేత్తోనే, నీళ్ళు లేకుండానే. తిరిగే సానరాయి తగిలితే తెల్లటి నిప్పురవ్వలు. మెత్తటి పొడంతా గాలి మోటరు లాగితే బల్ల కింది పెట్టెలో పడుతుంది.

రెండోవారం ఆమె ఆ పొడి ఒక చిటికెడు ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకుని నన్ను వెనక సందులోకి తీసుకుపోయింది. ఇటుక మీద పోసింది. "వెనక్కి పో. ఇంకా" అంటూ నన్ను గోడదాకా నెట్టి, పొడవాటి పుల్లతో అంటించింది. తెల్లగా లేచింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కళ్ళు చెదిరాయి. నేను దీపావళి చిచ్చుబుడ్డి అని నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆ మొహంలో రక్తం లేదు.

"ఇది నాకు తెలుసు" అంది. అంతే.

బిళ్ళల పెట్టెతో ఇంగ్లీషులో ఒక కాయితం వచ్చింది. దాన్ని నాచేత మూడుసార్లు చదివించి తెలుగులో చెప్పించుకుంది. పొడి పోగుపడనివ్వకూడదు. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. ఎండిన ఇసుక కప్పాలి. "ఎండిన అనే రాసి ఉండాదా? బాగా చూడు" అని అడిగింది. రాసి ఉంది.

ఆ రోజు నుంచి మా ల్యాబు మేడ మీద ఇసుక ఎండేది. ప్రతి సోమవారం పాత చీర పరిచి, ఇసుక పోసి, వేళ్ళతో సాళ్ళు తీసి, పక్కన గొడుగు వేసుకుని కూర్చునేది. పక్కింటావిడ ఇసుకతో వడియాలు పెడుతున్నారా అని అడిగితే, "అవును, కారం తక్కువేసినా" అంది. సాయంత్రం పిడికెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేది. సర్‌మని వినపడితే డబ్బాలోకి. వినపడకపోతే మళ్ళీ మర్నాడు ఎండకి. "ఎండిన ఇసక మాట్లాడతాది. తడి ఉంటే నోరు మూసుకుంటాది" అనేది. నాకు ఎప్పుడూ రెండూ ఒకటేలా వినపడేవి. నాకు రాదు అంటే, "నేనుండాను కదా" అనేది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం. మధురైలో ఒక పెద్దాయనకు పైదవడ ఫ్రేము సాయంత్రానికి అందాలి. పని ఒత్తిడిలో మూడు రోజులుగా పొడి పెట్టె నేను ఖాళీ చేయలేదు. పెద్దమ్మకు జ్వరం, ఆ మూడు రోజులూ రాలేదు. ఆ రోజే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. నేను తొందరలో రాయి గట్టిగా అదిమాను. రవ్వలు లేచాయి. కాసేపటికి కింద పెట్టె సందులోంచి వెలుగు కనపడింది. ఎర్రగా కాదు, తెల్లగా.

కాయితం చదివింది నేనే. నీళ్ళు వద్దని తెలుగులో చెప్పింది నేనే. అయినా తీపెట్టి ఊళ్ళో పెరిగిన చెయ్యి అది. అగ్గి కనపడితే మేం ఆలోచించం, నీళ్ళందుకుంటాం. దానికి తోడు మెషిను ఆ లోహాన్ని నీళ్ళలోనే కోయడం రోజూ చూస్తున్నాను. పళ్ళ అచ్చులకు గచ్చు కలుపుకునే నీళ్ళ బకెట్టు రెండడుగుల దూరంలో ఉంది. ఎత్తాను.

గుమ్మం పక్కన కూర్చునే మనిషి, ఎప్పుడు ఏమైనా ముందు తనే బయటికి దూకుతుందని మేమంతా ఎగతాళి చేసిన మనిషి, లోపలికి పరిగెత్తుకొచ్చింది. నా మణికట్టు పట్టుకుంది.

"నీళ్ళొద్దే! నీళ్ళొద్దు! కింద పెట్టు!"

నేను వదల్లేదు. నా చెయ్యి నా మాట వినలేదు. ఆమె ఇంకా బిగించింది, ఎముక నలిగినంత. బకెట్టు కింద పెట్టాను. దాన్ని కాలితో గోడవారకు నెట్టింది. "మోటరు ఆపు" అంది. ఆపాను. ఇసుక డబ్బా తెచ్చి, విసరకుండా, కదపకుండా, నిద్రపోతున్న బిడ్డకు దుప్పటి కప్పినట్టు మెల్లగా పోసింది. వెలుగు ఒక అంచున ఆగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఆగింది. ఆమె పోస్తూనే ఉంది. "అందరూ బైటికి పోండి. పరిగెత్తద్దు" అంది. సందులో నిలబెట్టి లెక్కపెట్టింది. క్యాపులకు రంగులు వేసే అమ్మాయిలిద్దరు, ముదలాళి, నేను. మళ్ళీ లెక్కపెట్టింది. తనను తాను లెక్కపెట్టుకోవడం మరిచిపోయిందని ముదలాళి చెప్తే అప్పుడు అరుగు మీద కూలబడింది. చీకటి పడేదాకా ఆ పెట్టె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజు బస్సు సాత్తూరు చేరినప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. నా మణికట్టు తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. నాలుగు వేళ్ళ గుర్తులూ నీలంగా తేలాయి.

"ఆ నాడు పోసింది నేనే పాపా" అంది.

నాకు అర్థం కాలేదు.

"అల్యూమినియం పొడి తట్ట. పొగ లేస్తా ఉండె. మీ అమ్మ దాని పక్కనే ఉండె. నేను నీళ్ళ కుండెత్తి పోస్తిని. చెల్లెలిని కాపాడతా ఉండానని పోస్తిని." చీలిపోయే వెంబకోట్టై రోడ్డు వంక చూసింది. "వెల్తురు. అంతే. మీ అమ్మకి తెలీదు, అగ్గి తానే పెద్దదయిందనుకుంటా ఉండాది. చెప్పబాక."

చెప్పనన్నాను. నాలాంటి పిరికివాళ్ళ కడుపులో మాట నిలవదు. వారం తిరక్కుండానే, పెద్దమ్మ కొట్టుకు వెళ్ళినప్పుడు, అమ్మ దగ్గర కక్కేశాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

"తెలుసు. నేనేమన్నా కండ్లు మూసుకోని ఉంటినా? అక్క కుండ ఎత్తేది చూస్తానే ఉంటి."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమ్మా?"

"చెప్తే మళ్ళీ నా తల దువ్వుతాదా అది? వణికిపోదూ? నువ్వూ చెప్పబాక."

అప్పటి నుంచి ఇద్దరి మాటా నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున ఒకరి వెనక ఒకరు కూర్చుని, ఒకరు దువ్వుతూ, ఒకరు దువ్వించుకుంటూ, ఇద్దరూ ఎదుటివాళ్ళకు తెలియదనే అనుకుంటూ ఉంటే నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. "పెద్దమ్మా, అమ్మకు తెలుసు, ఏమీ అనుకోలేదు" అని ఒక్క ముక్క చెప్పుంటే ఎంత బాగుండేది! ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే ఆ దువ్వెన ఆగిపోతుందేమోనని భయపడ్డాను. ఆమె ఆ భయంతోనే పోయింది. ఇది నేను చేసిన తప్పు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఈ మధ్య ఆమెకు ఆయాసం ఎక్కువై, సోమవారాలు మాత్రం ఇసుక కోసం ల్యాబుకు వచ్చేది. పోయిన సోమవారం కూడా వచ్చింది. ఎండబెట్టి, చెవి దగ్గర నలిపి, డబ్బాకెత్తి, "వారానికి చాలు" అని ఇంటికి పోయింది. మంగళవారం పొద్దున అమ్మకు జడ వేసి, రిబ్బను కట్టి, గడప మీద కూర్చుందట. అమ్మ కాఫీ తెచ్చేసరికి తల ద్వారబంధానికి ఆనించి ఉంది. జీవితమంతా అగ్గికి భయపడిన మనిషి తలుపు తెరిచి ఉన్న చోట, గాలి తగిలే చోట పోయింది. దేవుడు ఆమెకు ఆ మాత్రం దయ చూపించాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ ఆ జడను ముందుకు వేసుకుని కొసన పట్టుకుని కూర్చుంది. తలంటుకోమని ఆడవాళ్ళు ఎంత చెప్పినా విప్పనివ్వలేదు. "విప్పితే మళ్ళీ ఎవురు వేస్తారు?" అంది. నేను వేస్తానమ్మా అన్నాను. నా చేతులు చూసి జడను ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు సమాధి దగ్గర పాస్టరు గారు తలా పిడికెడు మన్ను వేయమన్నారు. రాత్రి వాన పడింది. కోవిల్‌పట్టి నల్లమన్ను తడిస్తే ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు తెలుసు. నేను పిడికెడు తీసి, అలవాటుగా, అందరి ముందూ, చెవి దగ్గర పెట్టుకుని నలిపాను. మా తమ్ముడు మోచెయ్యి పట్టుకుని లాగాడు. గుంటలోకి చెయ్యి చాపితే మన్ను పడలేదు. అరచేతికి అంటుకుపోయింది. రెండో చేత్తో గీకి వేయాల్సి వచ్చింది.

ఈ రోజు మళ్ళీ పనిలోకి వచ్చాను. ముదలాళి బల్ల మీద సగం కోసి ఆగిపోయిన బిళ్ళ పెట్టి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. నేను ఆమె స్టూలు మీద కూర్చుని లోపలున్న వాళ్ళను లెక్కపెట్టాను, నన్ను కూడా కలుపుకుని. తర్వాత ఇసుక డబ్బా మూత తీశాను. ఆమె ఎండబెట్టిన ఇసుక. పిడికెడు తీసి చెవి దగ్గర నలిపాను. చప్పుడు లేదు. ఇంకోసారి నలిపాను. వేళ్ళకు అంటుకుంటోంది. ఆమె ఎండబెట్టిన ఇసుకకు తడి ఎలా వచ్చింది? అప్పుడు చెయ్యి విప్పి చూసుకున్నాను. అరచెయ్యి చెమటతో నిగనిగలాడుతోంది. తడి నాదే. కొంగుకు తుడుచుకుని మళ్ళీ తీశాను. మళ్ళీ తడిసింది. లేచి నిలబడబోయి, కూర్చున్నాను. చెయ్యి ఆరేదాకా కూర్చోవాలి. ఇంకా కూర్చునే ఉన్నాను, పెద్దమ్మా.