లీడ్స్ పార్కులో మా మిరపకాయలు

పోయిన వారం మా కాలనీ పార్కులో కొత్త బోర్డు పెట్టారు. గడ్డి మీద కూర్చోరాదు, పూలు కోయరాదు, బయటి తిండి తేరాదు, పెద్దగా మాట్లాడరాదు అంటూ మొత్తం పదకొండు రాదులు. నాతో పొద్దున్నే నడిచే ఆడవాళ్లెవరూ దానివైపు తలతిప్పి చూడలేదు గానీ, నేను ఆగి, కళ్లజోడు తుడుచుకుని మరీ చివరిదాకా చదివి, ఇందులో మిరపకాయలు ఎండబెట్టరాదని లేదే అని పైకే అనేసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. "ఈవిడకి ఇవాళ ఇంకా పోట్లాట దొరికినట్టు లేదు" అని వెనక నుంచి ఒకావిడ అంది. నాకా పేరుంది, దాచడం దేనికి? కానీ ఆ నవ్వు వెనక ఇరవై ఏళ్ల నాటి సంగతొకటుంది, మన ఈడువాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పైచదువుకని ఇంగ్లండులో లీడ్స్ వెళ్లాను. మాది అద్దంకి పక్కన పల్లె, పొద్దున లేస్తే మిరప, పత్తి తప్ప వేరే ముచ్చట లేని ఇల్లు. మా అమ్మ ఏటా విత్తనానికని విడిగా ఉంచే నాటురకం కాయల్లోంచే, తెల్లబారిన తాలుకాయ ఒక్కటి కూడా లేకుండా ఏరి, ఐదు కిలోలు గుడ్డసంచిలో పోసి కుట్టి ఇచ్చింది. చెన్నై విమానాశ్రయంలో బరువు ఎక్కువైందంటే నేను పుస్తకాలు తీసి అన్నయ్య చేతిలో పెట్టాను గానీ మిరపకాయల జోలికి పోలేదు. "మా చెల్లెలు చదువుకోడానికి పోలేదండీ, కూర వండుకోడానికి పోయింది" అని మా అన్నయ్య ఈనాటికీ పదిమందిలో ఎత్తి పొడుస్తాడు. ఆయనకేం తెలుసు? ఆ ఊళ్లో అప్పట్లో మన సరుకులమ్మే కొట్టు ఒక్కటంటే ఒక్కటుండేది, అందులో దొరికే కారానికి ఇటుకపొడి రంగే గానీ నాలుక మీద ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేనూ, నా గదిలో ఉండే పొదిలి అమ్మాయీ ఆ సంచి మీదే బతికాం. చర్చి బడిలో పనిచేసే మాస్టారి కూతురు, నాకన్నా రెండేళ్లు చిన్నది, నేను ఏం చేసినా ముందుగా భయపడి తర్వాత నా వెంట వచ్చే మనిషి.

ఏప్రిల్లో ఒకరోజు సంచి విప్పి చేయి పెడితే కాయలు మెత్తగా, చెమ్మగా తగిలాయి, అడుగు నుంచి బూజు వాసన. చలికాలమంతా మా గది గోడలకు పట్టిన తేమ కాయల్లోకీ దిగింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంకా అయిదు నెలల చదువుంది. చప్పిడి తిండైనా తినొచ్చు, విత్తనపు కాయల్లోంచి ఏరి ఇచ్చిన అమ్మకు ఫోనులో ఏమని చెప్పను?

ఆ శనివారం దేవుడు దయతలచి ఎండ కాయించాడు. అక్కడ ఎండంటే పండగే, మా వీధి చివరి పార్కుకి ఊరంతా తరలివచ్చి, గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని ఒళ్లు ఎండబెట్టుకుంటోంది. కిటికీలోంచి చూస్తున్న నాకు అచ్చం మా ఊళ్లో మిరపకాయలు ఆరబోసే కళ్లం కనిపించింది. ఇంకేం, మంచం మీది తెల్లదుప్పటి లాగి, సంచి చంకన పెట్టుకున్నాను.

"అక్కా, వద్దక్కా, పోలీసులొస్తారక్కా!"

"రానీవే. వాళ్లు ఒళ్లు ఎండబెట్టుకుంటే లేనిది మనం కాయలు ఎండబెట్టుకుంటే వచ్చిందా?"

పార్కు నడిమధ్యన కాయలు పల్చగా పరిచి, నాలుగు మూలలా మా ఇద్దరి చెప్పులూ పెట్టి, కళ్లంలో తిరగేసినట్టే పాదాలతో మెల్లగా తిరగేశాను. ఎండ తగిలేసరికి ఘాటు లేచింది. ముందు పక్క దుప్పటి మీది ముసలాయన తుమ్మాడు, తర్వాత ఆయన భార్య, ఆపైన వాళ్ల కుక్క, అలా గాలివాటున తుమ్ములు పార్కు ఆ చివరిదాకా పోయాయి. విచిత్రమేమిటంటే తుమ్మిన ప్రతివాళ్లూ మాకే సారీ చెప్పారు. ఏడు నెలలుగా ఆ దేశంలో నాకున్న పెద్ద బాధ అదే, నేనెంత గొంతు పెంచినా సారీ అని తప్పుకునేవాళ్లే గానీ ఎదురు నిలబడే మనిషి ఒక్కరూ దొరకలేదు.

అప్పుడొచ్చాడు తోటమాలి. అరవై ఏళ్లుంటాయి, ఆకుపచ్చ కోటు, ఎర్రటి ముక్కు. ఇక్కడ అమ్మకాలు కుదరవన్నాడు. అమ్మడం లేదు, ఎండబెడుతున్నానన్నాను. అదీ కుదరదన్నాడు. ఎక్కడ రాసుందో చూపించమన్నాను. ఆయన నన్ను గేటు దగ్గరి బోర్డు దాకా తీసుకెళ్లి, ఒక్కో లైనూ వేలుపెట్టి పైకి చదివాడు. సైకిలుంది, నిప్పుంది, కుక్కలున్నాయి, మిరపకాయలు లేవు. ఇక సారీ అంటాడనుకుంటే, అననే లేదు! "అయితే ఇది సామాను. సామాను వదిలిపోకూడదని ఆరో లైనులో ఉంది. సాయంత్రం దాకా నువ్వు ఇక్కణ్ణుంచి కదలకూడదు" అన్నాడు. కళ్లం కాపలా నాకేం కొత్త కాదన్నాను. మీ ఊళ్లో వాన రాదు కాబోలు అన్నాడు. వస్తుంది, మీ వానలా దొంగతనంగా రాదు అన్నాను. ఎన్ని నెలలకు దొరికాడయ్యా మనిషి అని నాకు కడుపు నిండిపోయింది.

గంట తిరక్కుండానే చినుకులు మొదలయ్యాయి. జనం దుప్పట్లు చుట్టుకుని పరుగు తీశారు. నేను రెండు మూలలు పట్టుకున్నాను, పొదిలి అమ్మాయి ఒకటి పట్టుకుని నాలుగోదాని కోసం ఏడుపు మొహంతో అటూ ఇటూ చూస్తుంటే, ఆయనే పరుగున వచ్చి అందుకుని, పూలనారు పెంచే గాజుగదిలోకి మమ్మల్ని తోలుకెళ్లాడు. బల్ల ఖాళీ చేసి తనే రెండు చేతులతో కాయలు పరిచాడు. కళ్లు తుడుచుకోవద్దని నేను చెబుతూనే ఉన్నాను. నలభై ఏళ్లుగా తోటపని చేస్తున్నాను, నాకు చెప్పేదానివా అంటూ ఆ చేత్తోనే మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన వేసిన గంతులు నేనిక్కడ రాయను. టీ కోసం ఆయన తెచ్చుకున్న పాలన్నీ ఆయన కళ్లలోనే పోశాను, పొదిలి అమ్మాయి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది.

కళ్లు తెరిచాక ఆయన అన్న మొదటి మాట, నువ్వు సరిగా చెప్పలేదు అని!

అయిదు రోజులు సాయంత్రం పూట వెళ్లి కాయలు తిరగేయడం, ఆయనతో వాదం పెట్టుకోవడం. ఆరో రోజు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమన్నాయి. అప్పుడు గానీ అమ్మకి ఫోను చేయలేదు. "కాయలు గలగలమంటున్నాయమ్మా" అంటే, "ఎందుకనవే, ఎండబెట్టింది నేనైతే!" అంది.

చదువైపోయి వచ్చేసే ముందు చెప్పిపోదామని వెళితే, ఆయన గాజుగది మూల ఒక కుండీ చూపించాడు. బల్ల సందులో పడిన గింజ మొలిచిందట, మోకాలెత్తు మొక్క, మూడు కాయలు. అది మాది అన్నాను. ఇక్కడ మొలిచింది మునిసిపాలిటీది అన్నాడు. గింజ మా అమ్మది అన్నాను. మట్టి మాది, నీళ్లు మావి, సాకింది నేను అన్నాడు. విమానంలో మొక్కను తీసుకుపోలేనని ఇద్దరికీ తెలుసు, అయినా అరగంట వాదించుకున్నాం. చివరికి నేనే తగ్గాను. నా జన్మలో ఇష్టపడి ఓడిన వాదన అదొక్కటే.

ఇప్పుడు మా చేలో ఏటా కొనుక్కొచ్చిన ప్యాకెట్టు విత్తనమే. దిగుబడి బాగుంది, మా అన్నయ్యను తప్పుపట్టను. అమ్మ పోయిన రెండేళ్లకు ఆ నాటురకం కోసం ఊరూరా అడిగాను, అద్దంకిలో అడిగాను, పొదిలి అమ్మాయి చేత వాళ్ల వైపూ అడిగించాను. ఆ రకం ఇప్పుడెవరేస్తున్నారమ్మా అన్నారు. వాళ్లతో వాదించి ఏం లాభం, గింజ లేందే? ఆ తోటమాలి ఏటా విత్తనం దాచి మళ్లీ నాటాడో లేదో, అసలు ఉన్నాడో లేదో నాకు తెలియదు. కానీ మా అమ్మ కాయ ఈ భూమ్మీద ఇంకా ఎక్కడైనా కాస్తూ ఉంటే అది ఆ గాజుగదిలోనే. ఆ రోజు నేను గనక గెలిచి మొక్కను ఎలాగోలా ఇంటికి తెచ్చుకుని ఉంటే, ఈపాటికి అదీ ఉండేది కాదు.